అడవి టర్కీల కోసం మేత మడులు: జార్జియా, అలబామాలలో భూమి కొన్న తెలుగువారికి ఒక ప్రసంగం

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

జార్జియాలోనూ, పక్కనున్న అలబామాలోనూ పల్లెపట్టున ఇరవై ఎకరాలో, నలభై ఎకరాలో, కొందరైతే వంద ఎకరాలో కొనుక్కున్న కుటుంబాలు ఈ సభలో చాలానే ఉన్నాయని నిర్వాహకులు నాకు ముందే చెప్పారు. ఆ భూమి ఎలా ఉంటుందో చూడకుండానే ఊహించగలను. సగం పైన్ తోట ఉంటుంది, కొంత పాత పచ్చిక బీడు ఉంటుంది, అడుగున ఒక వాగు, వాగు వెంట ఓక్ చెట్లు ఉంటాయి. కొన్న మొదటి ఏడాదిలోనే విత్తనాల దుకాణంలో ఎవరో ఒకరు, ఒక ఎకరంలో ఫుడ్ ప్లాట్, అంటే అడవి జంతువుల కోసం మేత మడి, వేయండి, టర్కీ కోళ్లూ జింకలూ వాటంతట అవే వస్తాయి అని చెప్పి, రంగురంగుల సంచి ఒకటి చేతిలో పెట్టి ఉంటారు. ఆ సంచి విప్పే ముందు తెలుసుకోవలసిన సంగతులను ఈ పూట మీ ముందు ఉంచుతాను.

మన ఊళ్లలో అడవి పందులు రాకుండా వేరుశనగ చేను చుట్టూ పాత చీరలు కట్టి, నెమళ్లు దిగితే డబ్బా మోగించి తోలుకుంటూ పెరిగినవారికి, అడవి జంతువు కోసం పనిగట్టుకుని పంట వేయడం వింతగానే తోస్తుంది. అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నిషేధం. నెమలి ఆ చట్టం మొదటి షెడ్యూలులోనే ఉంది. ఇక్కడి ఏర్పాటు వేరు. మీ భూమిలో తిరిగే టర్కీ మీది కాదు, రాష్ట్ర ప్రజలందరిదీ. కానీ లైసెన్సు తీసుకుని, నిర్ణయించిన కాలంలో, నిర్ణయించిన సంఖ్యకు లోబడి వేటాడే హక్కు పౌరుడికి ఉంది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్ల మీద, తూటాల మీద 11 శాతం ఎక్సైజ్ సుంకం వసూలు చేసి, ఆ సొమ్మును రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పంచుతారు. అంటే ఇక్కడ పరిరక్షణకు డబ్బు పెట్టేవారిలో వేటగాడు ముందు వరుసలో ఉంటాడు. మీరు వేటాడినా వేటాడకపోయినా, పిల్లలతో కలిసి కిటికీలోంచి చూడడానికే టర్కీలు కావాలనుకున్నా, ఈరోజు చెప్పే పద్ధతులు ఒక్కటే.

ఇక అసలు మాట ముందే చెప్పేస్తాను. మేత మడి పక్షిని మీ కంటపడేలా చేస్తుంది. పక్షుల సంఖ్యను పెంచేది మాత్రం మడి చుట్టూ ఉన్న మిగతా నేల. మీ భూమిలో మేత మడులకు వెళ్లేది వందకు రెండు మూడు ఎకరాలు, మహా అయితే ఐదు. మిగిలిన తొంభై అయిదు ఎకరాలను అలాగే వదిలేసి ఆ అయిదింటి మీదే డబ్బంతా పోసేవారిని నేను తరచుగా చూస్తుంటాను. మంచి విత్తనం, మంచి ట్రాక్టరు, అడవి దారిలో జంతువులను ఫొటో తీసే ఖరీదైన ట్రెయిల్ కెమెరాలు, అన్నీ ఉంటాయి. వేసవిలో ఆ మడి మీదికి వచ్చే పెట్టల వెంట పిల్లలు మాత్రం ఉండవు.

ఈ పక్షి చరిత్ర కూడా ఆ మాటనే చెబుతుంది. యూరోపియన్లు రాకముందు ఈ ఖండంలో కోటికి చేరువగా ఉండేదనుకునే అడవి టర్కీ, అడవుల నరికివేత వల్ల, అదుపులేని వేట వల్ల 1930ల నాటికి రెండు లక్షల లోపుకు పడిపోయింది. దాన్ని తిరిగి నిలబెట్టడానికి మొదట చేసిన ప్రయత్నం, పెంపుడు కొట్టాల్లో పొదిగించిన పిల్లలను తెచ్చి అడవిలో వదలడం. అవి బతకలేదు. తల్లి వెంట తిరిగి నేర్చుకోవలసిన భయం వాటికి తెలియదు. 1950ల నుంచి ఫిరంగి వలలు వాడుకలోకి వచ్చాక, అంటే నేలమీద మడిచిపెట్టిన వలను చిన్న పేలుడుతో పక్షుల మీదుగా విసిరి పట్టే పద్ధతి వచ్చాక, అసలైన అడవి పక్షులను ఒకచోట పట్టి మరోచోట వదలగలిగారు. 1973లో ఏర్పడిన నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్ రాష్ట్రాల శాఖలతో కలిసి ఈ పనిని ముందుకు తీసుకుపోయింది. ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల్లో పక్షుల సంఖ్య దాదాపు 70 లక్షలకు చేరింది; తర్వాత తగ్గి, ఇప్పుడు సుమారు 60 లక్షలని అంచనా. ఆగ్నేయ రాష్ట్రాల్లో తగ్గుదల స్పష్టంగా కనిపిస్తోంది కాబట్టే జార్జియా 2022లో వసంతకాలపు వేటను సుమారు రెండు వారాలు ఆలస్యంగా మొదలయ్యేలా మార్చి, ఒక్కొక్కరు ఏడాదికి మూడు పుంజులను వేటాడవచ్చన్న పరిమితిని రెండుకు కుదించింది. ఇంత చరిత్రలో ఎక్కడా టర్కీ తిండి లేక తగ్గిందని కనబడదు. ఓక్ చెట్టు కింద రాలిన కాయలు, గడ్డి గింజలు, ద్రాక్ష జాతి తీగల పళ్లు, చిగుళ్లు, మిడతలు, ఇలా దొరికినదల్లా తినే పక్షి అది. కొరత ఉన్నది గూడు పెట్టుకునే చోటుకు, అంతకంటే ముఖ్యంగా పిల్లలు బతికే చోటుకు.

ఆ పిల్లల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఏప్రిల్‌లో పెట్ట నేలమీదే, ఒక పొద మొదట్లోనో, పడిపోయిన కొమ్మల చాటునో చిన్న గుంట చేసుకుని పది పన్నెండు గుడ్లు పెడుతుంది. దాదాపు 28 రోజులు పొదుగుతుంది. ఈ లోపు రకూన్, పోసమ్, ఉడుంలా గుడ్లు వెదికే స్కంక్, పాములు, కాకులు, వీటిలో ఏదో ఒకటి పసిగట్టడం వల్ల సగానికి పైగా గూళ్లు చెడిపోతాయి. పొదిగిన పిల్లలు ఒక్క రోజులోనే తల్లి వెంట నడుస్తాయి కానీ దాదాపు రెండు వారాల దాకా చెట్టెక్కి రాత్రి గడపలేవు. తల్లి రెక్కల కింద నేలమీదే పడుకోవాలి. ఆ రోజుల్లో వాటి ఆహారంలో చాలా భాగం పురుగులే, ఎందుకంటే ఈకలు, కండ అంత వేగంగా పెరగడానికి కావలసిన మాంసకృత్తులు గింజల్లో చాలవు. ఇప్పుడు అరచేతిలో పట్టేంత పిల్ల ఎత్తు నుంచి మీ బీడును చూడండి. పైన మోకాలెత్తున ఆకులుండాలి, గద్దకు కనబడకుండా. కింద నేల మాత్రం ఖాళీగా ఉండాలి, కాళ్లకు అడ్డం పడకుండా పరిగెత్తి పురుగును పట్టుకునేలా. తల్లి మాత్రం మెడ ఎత్తితే ఆకుల మీదుగా చుట్టూ చూడగలగాలి. ఇలాంటి చోటు మీ భూమిలో ఎక్కడుందో చూపించమని అడిగితే చాలామంది పచ్చిక బీడు వైపు చెయ్యి చూపుతారు.

అక్కడే వస్తుంది చిక్కు. ఆ పచ్చిక సాధారణంగా టాల్ ఫెస్క్యూ అనే గడ్డి. కెంటకీలోని మెనిఫీ కౌంటీలో 1931లో ఒక కొండవాలున గుర్తించి, 1943లో కెంటకీ-31 పేరుతో విడుదల చేసిన రకం ఈ దేశపు తూర్పు సగాన్ని కప్పేసింది. పశువుల పెంపకందారుకు అది మొండిగా బతికే గడ్డి. టర్కీ పిల్లకు మాత్రం గోడ. దుబ్బులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అడుగున ఎండుగడ్డి చాపలా పేరుకుని, పిల్ల దూరదు, పురుగు తక్కువ, పొద్దున మంచుకు తడిసిన పిల్ల చలికి చచ్చిపోతుంది. కాబట్టి మేత మడి మీద పెట్టదలచిన మొదటి డబ్బును ఈ ఫెస్క్యూను చంపడానికి పెట్టండి. మిగతా గడ్డి మొక్కలు చలికి నిద్రపోయి ఇది మాత్రం పచ్చగా ఉండే శరత్కాలంలో గ్లైఫోసేట్ అనే కలుపు మందు చల్లితే మందు తగలవలసిన దానికే తగులుతుంది. తర్వాత మీరేమీ విత్తకపోయినా నేలలో ఏళ్లుగా పడివున్న గింజలు మొలుస్తాయి. ర్యాగ్‌వీడ్, బెగ్గర్‌వీడ్, పార్ట్రిడ్జ్ పీ వంటివి లేచి, ఇందాక నేను చెప్పిన గొడుగును, కింద ఖాళీ నేలను అవే తయారు చేస్తాయి. పొరుగువారు మీ పొలం కలుపు పట్టిపోయిందంటారు. అనుకోనివ్వండి.

ఇప్పుడు మడి దగ్గరికి వద్దాం. ఈ ప్రాంతంలో టర్కీల కోసం ఒక్కటే పంట వేయమంటే నేను క్లోవర్ అనే పప్పుజాతి మేత మొక్కను వేయమంటాను. ఫిబ్రవరి, మార్చిలలో అడవిలో ఓక్ కాయలు అయిపోయి ఇంకా చిగుళ్లు రాని రోజుల్లో దాని లేత ఆకు అందుతుంది. ఏప్రిల్‌లో పొట్టిగా, తెరపిగా ఉండే ఆ మడి మీద పుంజులు తోక విప్పి ఆడతాయి, అది చూడవలసిన దృశ్యమే. మే, జూన్ నెలల్లో పూల చుట్టూ చేరే పురుగులు పిల్లలకు పనికొస్తాయి. తెల్ల క్లోవర్ ఒకసారి నిలదొక్కుకుంటే మూడు నాలుగేళ్లుంటుంది, అయితే తేమ పట్టే వాగు ఒడ్డు నేల దానికి అనువైనది. మిట్ట నేలకు ఎర్రపూల క్రిమ్‌సన్ క్లోవర్ మంచిది. అది ఒక్క ఏడాది మొక్కే కానీ గింజ కట్టేదాకా కోయకుండా ఉంచితే రాలిన గింజ మళ్లీ శరత్తులో మొలుస్తుంది. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో, ఎకరానికి 50 పౌండ్ల గోధుమతో 15 పౌండ్ల క్రిమ్‌సన్ క్లోవర్ కలిపి వేస్తే, చలికాలమంతా గోధుమ నారును జింకలు మేస్తాయి, వసంతంలో క్లోవర్ పైకొస్తుంది, జూన్‌లో గోధుమ కంకి మీదికి పెట్టలు పిల్లలతో వస్తాయి. ఆ కంకిని కోసి పారేయకండి.

విత్తడంలో అందరూ తడబడేది లోతు దగ్గర. గోధుమ అంగుళం లోతుకు వెళ్లాలి. క్లోవర్ గింజ ఆవగింజ కంటే చిన్నది, పావు అంగుళం దాటితే పైకి రాదు. అందుకని ముందు గోధుమ చల్లి, పైపైన డిస్క్ లాగి, రోలర్‌తో నేలను గట్టిపరచి, ఆ తర్వాత క్లోవర్ చల్లి మళ్లీ రోలర్ నడపాలి. రోలర్ తిప్పిన మడిలో నడిస్తే మీ బూటు గుర్తు అర అంగుళానికి మించి దిగకూడదు. అంతకంటే లోతుగా దిగితే నేల ఇంకా గుల్లగా ఉన్నట్టు; మొదటి గట్టి వానకు గింజ అడుగుకు పోతుంది.

అయితే ఇవన్నీ సున్నం తర్వాతి మాటలు. కొండలకూ తీరపు మైదానానికీ నడుమ ఉన్న ఇక్కడి పీడ్‌మాంట్ ప్రాంతపు ఎర్రనేల చూస్తే తెలంగాణ చల్క నేల గుర్తుకొస్తుంది కానీ, దీని ఆమ్లగుణం వేరే లెక్క. వందేళ్లకు పైగా పత్తి పండించి, కోతకు గురై, వానలకు కాల్షియం కడుక్కుపోయిన నేల ఇది. పరీక్షిస్తే పీహెచ్ 5, 5.5 మధ్య రావడం మామూలే. క్లోవర్‌కు కనీసం 6 కావాలి, 6.5 అయితే ఇంకా మేలు. ఎకరానికి ఒకటి రెండు టన్నుల సున్నపురాయి పొడి వేయవలసి రావచ్చు, అది నేలలో కలిసి పనిచేయడానికి నెలలు పడుతుంది కనుక సెప్టెంబరులో విత్తదలచినవారు వసంతంలోనే వేసి దున్నుకోవాలి. నేల పులుపు సరిచేయకుండా సంచులకొద్దీ ఎరువు వేయడం ఈ వ్యాపారంలో జరిగే అతిపెద్ద దుబారా. ఆమ్ల నేలలో భాస్వరం మొక్కకు అందకుండా బిగుసుకుపోతుంది. మట్టి పరీక్షకు మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో, అంటే వ్యవసాయ సలహా కార్యాలయంలో, సంచులిస్తారు. మడిలో పది పదిహేను చోట్ల నాలుగు నుంచి ఆరు అంగుళాల లోతు మట్టి తీసి, ప్లాస్టిక్ బకెట్లో కలిపి, అందులోంచి ఒక గుప్పెడు పంపాలి. దానికయ్యే ఖర్చు ఒక విత్తన సంచి ఖరీదులో చిన్న భాగం.

గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియాను విత్తనానికి పట్టించే రైజోబియం కల్చర్ సంగతి వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవారికి కొత్త కాదు. క్లోవర్‌కు పట్టించే బాక్టీరియా వేరు, అలసందకు పట్టించేది వేరు. ఒకదాని పొట్లం మరోదానికి పనిచేయదు. ఆ పొట్లాన్ని కారు డిక్కీలో ఎండలో వదిలితే చచ్చిన బాక్టీరియాను విత్తనానికి పూసినట్టే. నెలలు గడిచాక మొక్కను మెల్లగా పెకలించి, వేళ్ల మీది బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగుంటే నత్రజని తయారవుతోందన్నమాట, అప్పుడు యూరియా జోలికి పోనక్కరలేదు. కలుపు మందుల విషయంలో ఒక్క హెచ్చరిక చేసి ముందుకు పోతాను: క్లోవర్‌లో వెడల్పాకు కలుపుకు వాడేది 2,4-డిబి. మన ఊళ్లలో అందరికీ తెలిసిన 2,4-డి వేరే మందు, అది కొడితే క్లోవర్ దెబ్బతింటుంది. చివరి అక్షరం చూసుకుని కొనండి, లేబుల్‌లో రాసిన మోతాదు దాటకండి.

టర్కీల కోసమే ప్రత్యేకంగా వేసే పంట ఒకటుంది, చూఫా. అది మన తుంగ జాతిదే. పొలంలో తుంగను పీకి పీకి నడుము విరిగినవారికి దాన్ని డబ్బిచ్చి కొని నాటడమంటే మనసొప్పదు, నాకు తెలుసు. కానీ సాగు చూఫా గడ్డ మన తుంగముస్తల్లా ఘాటుగా ఉండదు, కొబ్బరి ముక్క నమిలినట్టు తియ్యగా ఉంటుంది. స్పెయిన్‌లో వలెన్సియా వాళ్లు దాన్ని నానబెట్టి రుబ్బి పాలు తీసి తాగుతారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ఇసుక కలిసిన గరప నేలలో, చల్లితే ఎకరానికి 40, 50 పౌండ్ల చొప్పున వేస్తారు. మూడు నెలలకు పైగా పడుతుంది. శరత్తులో ఆకు పండుబారాక ఒక దుబ్బు పట్టి లాగితే వేళ్ల చివర వేరుశనగ గింజంత గడ్డలు గుత్తులుగా వస్తాయి. టర్కీ తన కాలిగోళ్లతో నేలను గీకి ఆ గడ్డలను ఒక్కొక్కటిగా ఏరుకుంటుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో అలవాటుపడిన గుంపు ఒకటి దిగితే మడి మొత్తం ఎవరో చిన్న పారతో గుంటలు తీసినట్టు కనిపిస్తుంది. అయితే అంతకుముందు చూఫా ఎరగని పక్షులకు నేల కింద తిండి ఉందని తెలియదు, కాబట్టి మొదటి ఏడాది ఒకటి రెండు సాళ్లు మీరే డిస్క్ వేసి గడ్డలను పైకి తేల్చాలి.

ఆ గుంటల మధ్య కాసేపు వంగి నడవడం నాకు ఇష్టమైన పని, ఎందుకంటే కెమెరా చెప్పని సంగతులు అక్కడుంటాయి. పుంజు రెట్ట పొడవుగా ఉండి చివర కొక్కెంలా వంగుతుంది; పెట్ట రెట్ట చిన్న ముద్దలా, చుట్ట చుట్టుకుని ఉంటుంది. మెత్తటి మట్టిలో మధ్యవేలి గుర్తు రెండున్నర అంగుళాలు దాటితే పెద్ద పుంజు నడిచినట్టే. గీకిన గుంట పక్కనే ఎండిన మట్టి పిండిలా ఉన్న పళ్లెమంత పల్లం, దానిలో ఒకటి రెండు ఈకలు కనిపిస్తే అది దుమ్ము స్నానం చేసిన చోటు. ఈకల్లో చేరే పేలను వదిలించుకోవడానికి టర్కీకి అది అవసరం, కనుక మడి మూలన గడ్డి లేని నేల కొంత వదిలేయాలి.

చూఫాకు శత్రువు అడవి పంది. మీ కౌంటీలో పందులున్నాయంటే చూఫా వేయకండి. ఒక్క రాత్రిలో దున్నేసి పోతాయి. రకూన్లు కూడా తవ్వుతాయి కానీ అవి పందులతో సమానం కావు.

జింకల కోసం, పావురాల కోసం, బాబ్‌వైట్ అనే కౌజుల కోసం అమ్మే సంచుల మీద ఉన్న పేర్లు చదివితే మీకు నవ్వొస్తుంది. బ్రౌన్‌టాప్ మిల్లెట్ అని వంద సంచులు పేర్చి ఉంటాయి, అది మన అండు కొర్ర. 1915లో భారతదేశం నుంచే ఇక్కడికి తెచ్చారు. దాదాపు రెండు నెలల్లో గింజ కడుతుంది, నేలపిట్టలకు ఇష్టం. ప్రోసో మిల్లెట్ మన వరిగె. సన్ హెంప్ అంటే మనం పచ్చిరొట్టకు వేసే జనుము. ట్రాపిక్ సన్ అనే రకాన్ని హవాయిలో 1982లో విడుదల చేశాక ఈ దేశంలో దాని వాడకం పెరిగింది, జింకలు దాని ఆకు మేస్తాయి. ల్యాబ్‌ల్యాబ్ మన చిక్కుడే. అయర్న్ క్లే కౌపీ అనేది ఒక రకం అలసంద. నువ్వులు కూడా వేస్తారు, పావురాలకు, కౌజులకు. దాని ఆకును జింకలు అంతగా ముట్టవు కాబట్టి చిన్న మడిలో కూడా నిలుస్తుంది. అలసందకు, చిక్కుడుకు ఆ రక్షణ లేదు. రెండు ఆకుల దశలో మొగ్గను జింక కొరికిందంటే ఆ మొక్క మళ్లీ లేవదు. జింకలు ఎక్కువగా ఉన్నచోట ఎకరం లోపు మడిలో అలసంద వేయడమంటే ఒక వారం విందు పెట్టడమే; మూడు నాలుగు ఎకరాలుంటేనో, సోలార్ కంచె కడితేనో తప్ప నేను సలహా ఇవ్వను.

మీ మడి మొలవలేదా, మొలిచినది తినేశారా అన్నది తెలుసుకోవడానికి ఒక చవకైన సాధనం ఉంది. నాలుగడుగుల ఎత్తు కంచె తీగను నాలుగడుగుల వెడల్పు గుండ్రంగా చుట్టి, విత్తిన రోజే మడి మధ్యలో మేకులు కొట్టి నిలబెట్టండి. నెల తర్వాత లోపల మోకాలెత్తు పైరు, బయట బోడి నేల కనిపిస్తే విత్తనం తప్పేమీ లేదు, జింకలే ఎక్కువ. లోపలా బయటా ఒకే తీరుగా పాలిపోయి ఉంటే మళ్లీ మట్టి పరీక్ష దగ్గరికి రండి.

ఇక మొక్కజొన్న. పంట వేసే శ్రమ ఎందుకు, సంచి మొక్కజొన్న కొని గుమ్మరిస్తే పోదా అని అడిగేవారుంటారు. మొదటి అడ్డు చట్టం. మామూలు వ్యవసాయ పద్ధతిలో పెంచిన పంట మీదికి వచ్చిన టర్కీని వేటాడవచ్చు కానీ, జార్జియాలోనూ అలబామాలోనూ చల్లిన మేత దగ్గర టర్కీని వేటాడడం నేరం. జింకల నిబంధనలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా ఉంటాయి, ఏటా మారుతుంటాయి కూడా, ఆ ఏడాది వేట నిబంధనల పుస్తకం చూసుకోండి. రెండో అడ్డు జబ్బు. జింకల మెదడును తొలిచే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ 2022 జనవరిలో అలబామాలోని లాడర్‌డేల్ కౌంటీలో, 2025 జనవరిలో జార్జియాలోని లేనియర్ కౌంటీలో బయటపడింది. జింకలన్నీ ఒకే కుప్ప దగ్గర మూతులు ఆనిస్తే అలాంటి జబ్బుకు దారి సుగమమవుతుంది.

మూడోది టర్కీకి సూటిగా తగిలేది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా పెంపుడు టర్కీ పిల్లలు ఎందుకో తెలియకుండా చచ్చిపోయాయి. కారణం వెదికితే బ్రెజిల్ నుంచి తెప్పించిన వేరుశనగ చెక్క, ఆ చెక్కలో పెరిగిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు బయటపడ్డాయి. అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని ప్రపంచం గుర్తించింది అక్కడే. అనంతపురం నుంచి వచ్చినవారికి ఆ పేరు చెప్పనక్కరలేదు, కాయలు ఎగుమతి చేసేటప్పుడు పరీక్షించేది దానికోసమే. కోళ్ల జాతిలో టర్కీ దానికి తొందరగా లొంగిపోతుంది. ఈ ప్రాంతపు వేసవి వేడికి, ఉక్కకు, వానకు తడిసి నేలమీద వారం పడున్న మొక్కజొన్నలో ఆ బూజు పెరగడానికి కావలసినవన్నీ ఉంటాయి, పైగా విషం కంటికి కనిపించదు, వాసనకు తెలియదు. పక్షి తిన్నంత తిని కదిలిపోయే పచ్చి క్లోవర్ మడికి ఈ బెడద లేదు.

వన్యప్రాణుల కోసమని నాటిన ప్రతిదీ మేలు చేయదన్న సంగతి కూడా చెప్పాలి. గత శతాబ్దం మధ్యలో ప్రభుత్వ శాఖలే మొక్కలు పంచి ఆటమ్ ఆలివ్, బైకలర్ లెస్పెడీజా అనే విదేశీ పొదలను నాటించాయి. ఈనాడు అవే ఎకరాల కొద్దీ అల్లుకుపోయి, స్థానిక మొక్కలను నొక్కేసి, వాటిని చంపడానికి అవే శాఖలు రాయితీలిచ్చే పరిస్థితి వచ్చింది. మీ భూమిలో అవి కనబడితే పళ్లున్నాయి కదా అని మురిసిపోవద్దు. కొత్త మొక్క నాటాలనిపిస్తే, ఉన్న తెల్ల ఓక్ చుట్టూ నీడ పోటీ పెట్టే పనికిరాని చెట్లను నరికి దాని కొమ్మలకు ఎండ తగలనివ్వండి. అదే మరింత కాయ కాస్తుంది.

పైన్ తోట సంగతి దీనికి దగ్గరిదే. కొమ్మలు కలిసిపోయి నేల మీద ఎండ పడని తోటలో టర్కీకి సూదుల పరుపు తప్ప ఏమీ ఉండదు. పలచన చేసి, ఆ తర్వాత రెండు మూడేళ్లకొకసారి, భూమిని భాగాలుగా చేసుకుని ఒక్కో ఏడాది ఒక్కో భాగాన్ని, అదుపులో పెట్టిన మంటతో కాల్చితే, గడ్డి, పూల మొక్కలు, వాటితో పురుగులు తిరిగి వస్తాయి. ఈ ప్రాంతంలో అది పాత ఆచారమే. ఫ్లోరిడాలో 1958లో నెలకొన్న టాల్ టింబర్స్ పరిశోధన కేంద్రం దశాబ్దాలుగా చేస్తున్న పని చాలావరకు ఈ మంటల గురించే. కాల్చే ముందు రాష్ట్ర ఫారెస్ట్రీ కమిషన్ అనుమతి తీసుకోవాలి, గాలి, తేమ చూసుకోవాలి, మంట ఆగే గీతలు దున్నుకోవాలి. అనుభవం లేనివారు శిక్షణ పొందిన వ్యక్తిని పెట్టుకోండి. మడి మీద పెట్టే డబ్బు కంటే దీని మీద పెట్టేది నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

మొవింగ్, అంటే గడ్డి కోత గురించి ఇందాక ఒకరు చీటీ పంపారు. ఏప్రిల్ నుంచి జూలై చివరి దాకా బీడు అంచులను, దారి పక్క గడ్డిని స్లాషర్‌తో కొట్టకండి. గూటి మీద ఉన్న పెట్ట చివరి క్షణం దాకా కదలదు. ట్రాక్టరు మీద కూర్చున్నవారికి అది కనిపించదు. క్లోవర్ మడిలో కలుపు పైకెత్తి తప్పదనిపిస్తే ఆగస్టు దాకా ఆగి, బ్లేడు ఎత్తి, మధ్య నుంచి బయటికి కోసుకుంటూ రండి, లోపలున్న పిల్లలు అంచువైపు పారిపోవడానికి వీలుగా. ఇల్లు చుట్టూ ఉన్న లాన్‌లా అంతా నున్నగా ఉండాలనే కోరిక, భూమి కొన్న కొత్తలో మనవాళ్లలో బలంగా ఉంటుంది; ఇంటి చుట్టూ దాన్ని తీర్చుకోండి.

చివరగా పావురాల మడి వేయాలనుకునేవారికి ఒక మాట, ఎందుకంటే సెప్టెంబరులో స్నేహితులను పిలిచి డవ్ షూట్, అంటే పావురాల వేట, పెట్టుకోవడం ఇక్కడ పెద్ద వేడుక. ఇక్కడ వేటాడే పావురం, మోర్నింగ్ డవ్, వలస పక్షి, కనుక 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం కింద ఫెడరల్ నిబంధనలు వర్తిస్తాయి. మీరు పండించిన పొద్దుతిరుగుడును, వరిగెను, అండు కొర్రను అక్కడే కోసి, నలిపి, గింజ నేల రాలేలా చేయవచ్చు; పావురాల వరకు అది చట్టబద్ధం. అదే పని బాతుల కోసం చేస్తే నేరం. బయటినుంచి తెచ్చిన గింజ చల్లితే పావురాలకైనా అది ఎర వేయడమే, దాన్ని పూర్తిగా ఎత్తేసిన తర్వాత కూడా 10 రోజుల దాకా ఆ చోటు ఎర వేసిన చోటుగానే లెక్కకు వస్తుంది. అతిథిగా వచ్చి తుపాకి పట్టినవారి మీద కూడా కేసు పడుతుంది కాబట్టి, మిమ్మల్ని ఎవరైనా పిలిస్తే మడి ఎలా తయారైందో ముందే అడగడంలో మొహమాటపడకండి. గోధుమ చల్లడం విషయంలో సందేహాలు ఎక్కువ వస్తాయి. మీ కౌంటీకి ఎక్స్‌టెన్షన్ వారు ప్రకటించిన తేదీల్లో, వారు చెప్పిన మోతాదులో, తయారు చేసిన దుక్కిలో చల్లితే అది వ్యవసాయం, ఒకే మడిలో వారానికోసారి మళ్లీ మళ్లీ చల్లితే దాన్ని వ్యవసాయమని వేట నిబంధనలు చూసే అధికారి, గేమ్ వార్డెన్, ఒప్పుకోడు. మట్టి పరీక్ష సంచులు కొన్ని తెచ్చాను, తలుపు పక్క బల్ల మీద ఉన్నాయి. ఇక మీ ప్రశ్నలు వింటాను.